దుమ్ము నెల నవల

మొదటి రోజు

నవల రాసేవాడు పక్కన ఈ పుస్తకం కూడా రాయాలట. వచ్చే ఏడు ఎవరి చెంచా వస్తే వాళ్లకు పనికొస్తుందని. ఏం రాయాలో ఎవరూ చెప్పలేదు. జరిగింది రాస్తాను.

పేరు తవిటయ్య. అరవై ఏడేళ్లు. మూడో గూడెంలో గాలి ఫిల్టర్లు ఉతుకుతాను. బడిలో అయిదు దాకా చదివాను.

నిన్న పెద్ద దుమ్ము లేచింది. పొద్దున్నకి సోలారు పలకల కరెంటు ఆగిపోయింది. బ్యాటరీల్లో ఉన్నది గాలికి, నీళ్లకి, ఒక పూట వంటకి. కంప్యూటరు తెరలన్నీ ఆపేశారు. ఇక ముప్పై రోజులు ఇంతే. ఫ్యాన్లు మెల్లగా తిరుగుతాయి కనుక ఒక గదిలో ఎనిమిది మందికి మించి చేరకూడదు. ఎవరి గదిలో వాళ్లుండాలి.

మధ్యాహ్నం, ఈ నెల అందరికీ చదివే నవల ఎవరు రాయాలో తేల్చడానికి, నూట పన్నెండు చెంచాలూ పెద్ద తపేలాలో వేశారు. మా చెంచాల మీద ఎవరి గుర్తు వాళ్లకుంటుంది. వంటగది చూసే అచ్చియమ్మ కళ్లు మూసుకుని ఒకటి తీసింది.

“మూడు గీతలు. ఎవులిదిది?”

“నాది” అన్నాను. నాకే వినబడలేదు. మళ్లీ అన్నాను.

“ఓలమ్మో! తవిటి బావా, నువ్వు నవలేటి? కూర సాలు అనడానికే నీకు మూడు పూటలు పడతాది.”

అక్కడున్నవాళ్లు నవ్వారు. దుమ్ము లేచాక అదే మొదటి నవ్వు.

కాదనడానికి లేదు. ఏడేళ్ల కిందట చెంచా వచ్చినవాడు నావల్ల కాదన్నాడు. అతని బదులు బడి టీచరమ్మ రాసింది. బాగా చదువుకున్న మనిషి. పంతొమ్మిదో రోజు ఆమె గొంతు పూడుకుపోయింది. చదవడానికి ఎవరూ లేకపోయారు. గదులన్నిటికీ మాట చేర్చే గొట్టం మూడు రోజులు పలకలేదు. నాలుగో రోజు నుంచి మనుషులు ఒక్కొక్కరే గాలి సీసా ఉన్న సూటు వేసుకుని దుమ్ములోకి వెళ్లిపోవడం మొదలైంది. ఆరుగురు. అప్పటినుంచి వచ్చిన చెంచాను ఎవరూ కాదనలేదు.

గూడెం పెద్ద చిన్నంనాయుడు వచ్చి అంతా చెప్పాడు.

“రోజుకి పన్నెండు పేజీలు మావా. సాయంత్రం ఆరింటికి గొట్టంలో గంటసేపు సదవాల. మద్దిలో లేవకూడదు. ముప్పై రోజులు.”

“జొరమొస్తే?”

“రానీకు.”

రెండో రోజు

కాగితం లేదు. ఉతికి ఉతికి పనికిరాకుండా పోయిన ఫిల్టర్ల వెనకవైపు రాస్తున్నాను. పెన్సిలు గరుగ్గా నడుస్తుంది. నాకు తెలిసినవి రెండే, ఫిల్టర్లూ దుమ్మూ. అందుకని ఒక మనిషిని దుమ్ములో పెట్టాను. పేరు సోములు. గొట్టాలు బిగించే పని. తలుపు బయట నిలబడి ఉన్నాడు. నవల అక్కడ మొదలైంది.

పొద్దుటినుంచి రాస్తే అయిదు పేజీలయ్యాయి. ఆరింటికి గొట్టం ముందు కూర్చున్నాను. ఇనుప గొట్టం. నలభై ఒక్క గదుల గుండా పోతుంది. కరెంటు అక్కర్లేదు, నోరు చాలు. నాకు ఆ నోరే లేదు. మెల్లగా, ఒక్కొక్క మాటా విడదీసి చదివాను. అయిదు పేజీలు గంట వచ్చాయి.

చదవడం అయ్యాక నచ్చినవాళ్లు చెంచాతో గొట్టం మీద ఒక దెబ్బ కొడతారు. అది ఆచారం. ఏడు దెబ్బలు వినబడ్డాయి.

“దుమ్ము దుమ్ము అని ఎన్నిసార్లు సదివినావు బావా?” అంది అచ్చియమ్మ గిన్నె ఇస్తూ. “లెక్కెడతా నిద్రపోనాను.”

అయిదో రోజు

ఫిల్టర్లు గంటకోసారి పూడుకుపోతున్నాయి. చేతులు నీళ్లలో ఉన్నప్పుడు మాటలు తోస్తున్నాయి. తుడుచుకుని పెన్సిలు పట్టేసరికి పోతున్నాయి. అందుకని రెండు వాక్యాలు తోచేదాకా నోట్లో అనుకుంటూ ఉతుకుతున్నాను.

ఇవాళ అచ్చియమ్మ గిన్నెతోపాటు ఒక ప్రశ్న తెచ్చింది.

“ఇరవై రెండో గది పారమ్మ అడగమంది. సోములికి కుడి మోకాలేటైనా నొప్పా?”

పారమ్మ నాచు పెంచే తొట్లు చూస్తుంది. యాభై దాటిన మనిషి. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడదు, నాలాగే. నన్ను ఎప్పుడూ ఏమీ అడగలేదు. అసలు ఎవరూ అడగరు. సంతోషమేసింది.

“నొప్పే” అన్నాను.

ఆ నొప్పితో ఒకటిన్నర పేజీ నిండింది. సాయంత్రం పంతొమ్మిది దెబ్బలు.

తొమ్మిదో రోజు

సోముల్ని రెండో గూడేనికి చేర్చాను. ముప్పై ఏళ్ల కిందట ఖాళీ చేసిన గూడెం అది. ఇక్కడినుంచి నాలుగు గంటల నడక. సూటు సీసాలో గాలి రెండు గంటలకే వస్తుంది. ఎలా చేరాడో రాయలేదు. ఎవరూ అడగలేదు. లోపల పాత ట్యాంకులో గాలి ఉందని, వాల్వు విప్పి బతుకుతున్నాడని రాశాను.

పారమ్మ రోజూ ఏదో ఒకటి అడిగిస్తోంది. సోములు గదిలోకి వచ్చేముందు పానాతో గొట్టం మీద మూడుసార్లు కొడతాడా? కొడతాడు. గంజిలో ఉప్పు వేసుకోడు కదా? వేసుకోడు. ప్రశ్న వస్తే నాకు ఒక పేజీ గట్టెక్కుతుంది. దాని కోసం ఎదురు చూస్తున్నాను. ఇవాళ నలభై ఆరు దెబ్బలు. అచ్చియమ్మ వెటకారం చెయ్యలేదు. రేపేమవుతుందని అడిగింది.

పదమూడో రోజు

పారమ్మ నా గదికి వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడింది.

“తవిటన్నా, రెండు సూటు ఫిల్టర్లు కావాల.”

“రెండెందుకమ్మా?”

“ఒకటి నాకు. ఒకటి ఆయనకి.”

చేతిలోని ఫిల్టరు తొట్టిలో పడింది. ఆమె మామూలుగానే చూస్తోంది. నవ్వు మొహం.

పారమ్మ మొగుడు గవరయ్య. ఏడేళ్ల కిందట వెళ్లిన ఆరుగురిలో మొదటివాడు. దుమ్ము తగ్గాక వెతికితే అయిదుగురి శవాలు దొరికాయి. గవరయ్య దొరకలేదు. గొట్టాలు బిగించే పని అతనిది. కుడి మోకాలు నొప్పి. పానాతో మూడుసార్లు కొట్టేవాడు. గంజిలో ఉప్పు వేసుకునేవాడు కాదు.

ఇవన్నీ నాకూ తెలుసు. పదేళ్లు పక్కపక్కన పనిచేశాం. తెలిసే రాశాను. పేజీ నిండితే చాలనుకున్నాను.

ఫిల్టర్లు ఇంకా ఆరలేదన్నాను. ఆరాక వస్తానని వెళ్లింది.

పద్నాలుగో రోజు

చిన్నంనాయుడికి చెప్పాను. తల పట్టుకున్నాడు.

“నవల ఆపితే?” అన్నాను.

“ఆపితే ఎంతమంది ఎల్తారో నీకు తెల్దా? సోముల్ని సంపీ. ఇవాళే సంపీ.”

అచ్చియమ్మ ఒప్పుకోలేదు. “సంపితే శవాన్ని తెచ్చుకోడానికెల్తాది. నానైనా ఎల్తాను.”

“అయితే తలుపుకి తాళమెయ్యండి” అన్నాను.

“తాళమా?” అన్నాడు చిన్నంనాయుడు.

మా బయటి తలుపుకి తాళం ఉండదు. ఒకటో గూడెం నిప్పంటుకుని కాలినప్పుడు తాళం వేసిన తలుపు వెనక నలభై మంది పోయారు. అప్పటినుంచి లోపలివాళ్లను ఎవరూ బంధించకూడదని కట్టుబాటు. తాళానికి బదులు తలుపు దగ్గర ఒక కాపలా మనిషి ఉంటాడు. వెళ్లేవాళ్లను మూడు మాటలు అడగాలి. ఎక్కడికి, ఎవరితో, ఎప్పుడొస్తావు. జవాబులు రిజిస్టర్లో రాయాలి. మూడూ చెప్పేదాకా తలుపు తియ్యడు. చెప్పాక ఆపడు. ఆ తలుపుకున్న గడియ అంతే.

పదిహేడో రోజు

ఆరు పేజీలే రాశాను. సోములు వాల్వు తుడిచాడు. మళ్లీ తుడిచాడు. చావడు, కదలడు. అరవై దెబ్బలు. పారమ్మ తన వాటా రొట్టెలో సగం దాస్తోందని అచ్చియమ్మ చెప్పింది. సూటుకి రెండో సీసా కూడా సంపాదించింది. రెండు సీసాలు నాలుగు గంటలు, రెండో గూడెం దాకా చాలు.

ఫిల్టర్ల కోసం మళ్లీ వచ్చింది. నేను లేని సమయం చూసి రాలేదు. నా ఎదురుగానే తీగ మీదినుంచి రెండు తీసుకుంది. బాగా ఆరాయో లేదో వేలితో నొక్కి చూసింది. నేను ఆపలేదు.

ఇరవయ్యో రోజు

ఇది రాయాలి. ఎవరికీ చెప్పలేదు.

ఆ ఏడు, గొట్టం ఆగిన నాలుగో రోజు పొద్దున్న, తలుపు దగ్గర కాపలా నేనే. గవరయ్య సూటు వేసుకుని వచ్చాడు. నాకన్నా పనిమంతుడు. ఆయనంటే నాకు గౌరవం. మొహం చూస్తే తెలిసిపోయింది ఎందుకు వెళ్తున్నాడో. మూడు మాటలు అడగాలి. మొదటి మాట గొంతు దాకా వచ్చింది. ఎక్కడికి అని అడిగితే ఆయన నిజం చెప్తాడు. అది విన్నాక నేనేం మాట్లాడాలి? తోచలేదు. మెడ దగ్గర క్లిప్పు వదులుగా ఉంటే బిగించాను. తలుపు తీశాను. వెళ్లిపోయాడు.

తర్వాత రిజిస్టరు ఖాళీగా ఉంది. నేనే నింపాను.

ఎక్కడికి: పలకల మీద దుమ్ము తుడవడానికి. ఎవరితో: ఒక్కడే. ఎప్పుడొస్తావు: గంటలో.

నేను రాసిన మొదటి కథ అది. పారమ్మ రిజిస్టరు తెప్పించుకుని చదివింది. గంటలో వస్తానన్నాడు కదా అని అందరితో అంది. ఏడేళ్లనుంచి అదే అంటోంది.

ఇవాళ నవల ఏడు పేజీలు.

ఇరవై నాలుగో రోజు

ఒక ఉపాయం తోచిందనుకున్నాను. సోములు ఇంటికి బయలుదేరాడని రాశాను. వస్తున్నాడంటే ఆమె లోపలే కూర్చుని ఎదురుచూస్తుంది కదా. దుమ్ము నెల అయ్యేదాకా నడిపిస్తాను. దుమ్ము పోయాక అందరూ బయటికి వెళ్లి చూడవచ్చు.

తొంభై దెబ్బలు. ఇంతవరకూ ఏ నవలకీ అన్ని రాలేదని చిన్నంనాయుడు అన్నాడు.

గిన్నె తెచ్చిన అచ్చియమ్మ మొహం వేలాడేసుకుంది.

“ఏటి సేసినావు బావా! ఈ దుమ్ములో ఆడికి దారెలా తెలుస్తాదని కూకుంది పారమ్మ. దీపం తుడుస్తంది.”

ఇరవై ఏడో రోజు

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆరింటికి చదవడం మొదలుపెట్టాను. పది పేజీలున్నాయి. నాలుగో పేజీలో ఉండగా గొట్టంలోంచి ఎదురు మాట వచ్చింది. గొట్టానికి రెండువైపులా నోరే. తలుపు గదిలోనూ ఒక కొస ఉంది. అక్కడ కాపలా అప్పలకొండ. అతని గొంతు.

“ఎక్కడికప్పా?”

“మావోడికెదురు.”

పారమ్మ గొంతు.

“ఎవులితో?”

“ఎల్లీటప్పుడు ఒక్కద్దాన్ని. వచ్చీటప్పుడు ఇద్దరం.”

“ఎప్పుడొస్తావు?”

సీసాలు ఒకదానికొకటి తగిలిన చప్పుడు వచ్చింది.

“అప్పా, ఎప్పుడొస్తావు? సెప్పాలప్పా. సెప్పకపోతే రాయడానికి నేదు.”

లేచాను. మధ్యలో లేవకూడదు. లేచాను.

నా గది ఒక కొస, తలుపు ఇంకో కొస. నలభై ఒక్క గదులు. పరుగెత్తలేను. గోడ పట్టుకుని నడిచాను. గొట్టం ఆగిపోయిన సంగతి నడుస్తుంటే తెలిసింది. ఒక్కొక్క తలుపే తెరుచుకుంటోంది.

“ఏటయింది? ఆగిపోనాదేటి?”

“ఏడేళ్ల కిందట ఇలాగే…”

“తవిటి తాతా, ఎక్కడికి?”

జవాబు చెప్పడానికి ఊపిరి లేదు. ఒక్కొక్కరే నా వెనక నడవాలోకి వస్తున్నారు.

తలుపు దగ్గర పారమ్మ సూటులో ఉంది. వీపున రెండు సీసాలు. చేతిలో హెల్మెట్టు, దీపం. నడుముకు నా ఫిల్టర్లు. అప్పలకొండ తలుపుకి అడ్డం నిలబడలేదు. నిలబడకూడదు. రిజిస్టరు పట్టుకుని అడుగుతూనే ఉన్నాడు. నన్ను చూసి పారమ్మ కంగారుపడింది.

“తవిటన్నా, నువ్విలాగొచ్చీసినావేటి? అక్కడ సదవకపోతే సోములు ఆగిపోతాడు. ఎల్లు. సదువు.”

“సోములు నేడమ్మా. నాను రాసినోడు.”

“నాకు తెల్దేటి? ఎర్రిదాన్ననుకున్నావా? సోములు నేడు. గవరయ్య ఉన్నాడు. గంటలో వస్తానన్నాడు. రిజిస్టర్లో ఉంది.”

నడవాలో గాలి ఎంతుందో చూపే ముల్లు గోడ మీద నా కళ్ల ఎదురుగా ఉంది. పచ్చలోంచి పసుపులోకి వచ్చింది. జనం ఎక్కువయ్యారు.

“అది నానే రాసినాను” అన్నాను.

“ఏది?”

“మూడు జవాబులూ. గవరయ్య సెప్పలేదు. నాను రాసినాను.”

పారమ్మ దీపం కింద పెట్టింది.

“మరాడేటన్నాడు?”

“ఏటీ అన్నేదు. నానడగలేదు.”

“అడగలేదా?”

“నోరు రానేదు. మెడ కాడ క్లిప్పు బిగించినాను. తలుపు తీసినాను. ఎల్లిపోనాడు.”

హెల్మెట్టు నా భుజానికి తగిలింది. విసిరిందో, చెయ్యి జారిందో చూడలేదు. కింద పడి దొర్లిపోయింది.

“ఏడేళ్లు” అంది. “రోజూ ఆ గంట లెక్కెట్టుకున్నాను. ఏ గంటకాగంట. ఏడేళ్లు.”

వెనకనుంచి చిన్నంనాయుడి కేకలు. గదుల్లోకి పొండి, ముల్లు సూడండి, పొండి. ఎవరూ కదల్లేదు. ముల్లు పసుపు దాటుతోంది. నా చెవుల్లో హోరు మొదలైంది.

అప్పలకొండకు అడగడం తప్ప వేరే పని లేదు. మెల్లగా అడిగాడు.

“అప్పా, ఎప్పుడొస్తావు?”

పారమ్మ అతనివైపు చూడలేదు. నావైపు చూసింది.

“ఈ మాట నా ఒక్కద్దానికి సెప్పీసి ఊరుకుంటావా?”

“నేదు.”

“గొట్టంలో సెప్పు. అందరూ ఇనాల.”

“సెప్తాను.”

“ఎప్పుడు సెప్తావు?”

“రేపు. ఆరింటికి.”

ఆమె గోడకి ఆనుకుంది. ముల్లు ఎరుపు అంచుకు వచ్చింది.

“అయితే రేపొరకు ఉంటాను” అంది.

అప్పలకొండకు ఎక్కడ రాయాలో తెలియలేదు. మూడో గడిలోనే రాశాడు, రేపటి వరకు ఉంటానంది అని. అచ్చియమ్మ వచ్చి ఆమె వీపు మీది సీసాలు విప్పింది. జనం ఒక్కొక్కరే కదిలారు.

మిగతా ఆరు పేజీలు ఎవరూ అడగలేదు. చించి తొట్టిలో వేశాను.

ఇరవై ఎనిమిదో రోజు

ఇరవై రెండు పేజీలు రాశాను. ఫిల్టర్లు వేరేవాళ్లు ఉతికారు. సోములు సంగతి కాదు. నవల తలుపు బయట మొదలుపెట్టాను కదా, లోపల వదిలేసినది రాశాను. కాపలావాడి సంగతి. పేరు తవిటయ్య అనే పెట్టాను. ముందు సూరయ్య అని రాసి కొట్టేశాను.

ఆరింటికి చదివాను. మధ్యలో రెండుసార్లు నీళ్లు తాగి మళ్లీ చదివాను. క్లిప్పు బిగించిన దాకా వచ్చి ఆపాను.

ఒక్క దెబ్బ కూడా లేదు.

అచ్చియమ్మ గిన్నె తెచ్చి పెట్టింది. పోలేదు. నిలబడింది.

“బావా, ఆ రోజు పొద్దున్న గవరయ్య వంటగదికొచ్చినాడు. గంజుందేటప్పా అన్నాడు. నేదన్నాను. ఏలకి రమ్మన్నాను.” కొంగుతో మూతి తుడుచుకుంది. “గంజి ఉండీది.”

పారమ్మ నుంచి కబురు వచ్చింది. రేపు కూడా ఉంటానంది.

ముప్పయ్యో రోజు

నవల పూర్తయింది.

సోముల్ని చంపలేదు. ఇంటికి తేలేదు. రెండో గూడెం సంగతి కొట్టేసి, అతన్ని గుమ్మం దాటిన చోటే వదిలేశాను. ఆ తర్వాత ఏమైందో కాపలావాడికి తెలియదు, నాకూ తెలియదు, తెలియదనే రాశాను. కడపటి పన్నెండు పేజీల్లో కాపలావాడు స్టూలు మీద కూర్చుని రిజిస్టరు నింపుతాడు. అంతే. మొత్తం రెండు వందల తొంభై పేజీలు. మూడు వందల అరవై ఉండాలి. చిన్నంనాయుడు లెక్కపెట్టలేదు.

దెబ్బలు మెల్లగా మొదలయ్యాయి. ఒకటి. చాలాసేపటికి ఇంకొకటి. నేను లెక్కపెట్టలేదు.

భయం ఇప్పుడు మొదలైంది. ముప్పయ్యో రోజుకు దుమ్ము తగ్గాలి. కిటికీ అద్దం ఇంకా ఎర్రగా, చిక్కగా ఉంది. ఇన్నాళ్లూ పారమ్మ రేపొరకు, రేపొరకు అంటూ ఆగింది. నవలకు ఇక రేపు లేదు.

ముప్పై ఒకటో రోజు

దుమ్ము తగ్గలేదు. బ్యాటరీలు రెండు రోజులకే ఉన్నాయని చిన్నంనాయుడు నా ఒక్కడికే చెప్పాడు. వంట ఆపేశారు. నానబెట్టిన అటుకులు ఇచ్చారు.

పొద్దుటినుంచి పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. ఒక్క మాట రాలేదు. ఉన్నవన్నీ అయిపోయాయి. పొద్దున్న ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి తలుపు దాకా వెళ్లి వచ్చాను. అప్పలకొండ తల అడ్డంగా ఊపాడు. ఎవరూ రాలేదని.

ఆరింటికి గొట్టం ముందు కూర్చున్నాను. చేతిలో ఏమీ లేదు.

“ఇవాళ పేజీల్లేవు” అన్నాను. “నాకాడ ఇంకేటీ నేదు.”

నూట పదకొండు మంది ఊపిరి వినబడుతోందనిపించింది. లేవాలా, కూర్చోవాలా తెలియలేదు. ఏడేళ్ల కిందటిలాగే ఉంది. బయటి తలుపు తెరుచుకునే చప్పుడు వస్తుందేమోనని చెవి ఆనించాను.

చెంచా దెబ్బ ఒకటి. తర్వాత గొంతు. ఇరవై రెండో గది.

“నాను సెప్తాను” అంది పారమ్మ.

కాసేపు ఆగింది.

“సోములు మంచోడు. మా గవరయ్య అంత మంచోడేటి కాదు. గంజిలో ఉప్పేసీదాన్ని నానే, ఏసినావేటని గిన్నె ఇసిరీవోడు. మోకాలు నొప్పని పనెగ్గొట్టి పేకాడీవోడు. తవిటన్నకి తెల్దు అది…”

ఎవరో నవ్వారు. గొట్టంలో నవ్వు వినబడటం నేను ఎరగను. ఆమె ఆపలేదు. పెళ్లినాటి సంగతి చెప్పింది. పొట్లాటలు చెప్పింది. ఆ మూడు రోజులు గొట్టం పలకనప్పుడు ఆయన గోడకేసి తిరిగి పడుకున్నాడని, ఏటయిందని తానూ అడగలేదని చెప్పింది. గంట దాటింది. ఇంకా చెప్తోంది. గొంతు బొంగురుపోయింది. అయినా చెప్తోంది.

ఎనిమిది దాకా విన్నాను. ఎక్కడా తలుపు తెరుచుకోలేదు.

ముప్పై మూడో రోజు

తెల్లవారుజామున కిటికీలో సూర్యుడు కనబడ్డాడు. చిన్న రాగి బిళ్లలా. మధ్యాహ్నానికి పలకలు కొద్దిగా కరెంటు ఇచ్చాయి. వంటగదిలో పొయ్యి వెలిగింది. నాకు రెండు గరిటెలు వేసి, ఇక మాట్లాడు బావా, నేర్చుకున్నావు కదా అంది అచ్చియమ్మ. కూర సాలు అన్నాను. ఒక్కసారికే అన్నానని వంటగదంతా చెప్పుకుంది.

పాత రిజిస్టరు తీయించాను. నేను రాసిన మూడు జవాబుల మీద గీత కొట్టాను. కింద ‘అడగలేదు’ అని రాసి సంతకం చేశాను. శిక్ష ఏమిటని చిన్నంనాయుణ్ని అడిగితే, పెద్దలందరూ కూర్చుని చెప్తామన్నాడు. చెప్పేదాకా కాపలా పని నాకు ఇవ్వరు. అది సరే.

కాపలా పని పారమ్మ అడిగి తీసుకుంది. ఇవాళే మొదటి రోజు.

ముప్పై మూడు రోజుల దుమ్ము బయట ఫిల్టరు జల్లెడల్లో పేరుకుపోయింది. దులపాలి. సూటు వేసుకుని తలుపు దగ్గరికి వెళ్లాను. ఆమె స్టూలు మీద కూర్చుని ఉంది. రిజిస్టరు ఒళ్లో ఉంది. నావైపు చూసింది. మేం ఇరవై ఏడో రోజు తర్వాత ఎదురుపడలేదు.

“ఎక్కడికి?”

“జల్లెడలు దులపడానికి.”

రాసుకుంది. అక్షరాలు పెద్దవి, మెల్లగా రాస్తుంది.

“ఎవులితో?”

“ఒక్కణ్నే.”

అదీ రాసుకుంది. పెన్సిలు ఎత్తి పట్టుకుంది.

“ఎప్పుడొస్తావు?”

తల ఎత్తి అన్నాను.

“గంటలో.”

పెన్సిలు కాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత రాసింది. లేచి నా మెడ దగ్గర క్లిప్పు చూసింది. వదులుగా ఉంది. బిగించింది. తలుపు తీసింది.

జల్లెడలు నాలుగు ఉన్నాయి. మూడు దులిపి, నాలుగోది రేపటికి వదిలేసి, యాభై నిమిషాలకే వచ్చేశాను.